పెద్దమ్మ పెరటి కెమెరా డైరీ

మే 4, ఆదివారం

మల్కాజిగిరిలో పెద్దమ్మ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ముందు మోకాలి సంగతి వస్తుంది. ఈసారి సపోటల సంగతి వచ్చింది.

"రాత్రి చెట్టు మీదున్న కాయ తెల్లారేసరికి సగం కొరికి గోడ మీద ఉంటుందిరా. పందికొక్కులే. నాకెర్క లేదా?"

జనవరిలో కుడి మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె పెరట్లోకి దిగలేదు. వంటింటి తలుపు దాటితే నాలుగు మెట్లు, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. నలభై ఏళ్ళుగా తెల్లారకముందే లేచి ఊడ్చి నీళ్ళు చల్లిన పెరడు ఇప్పుడు ఆమెకు కిటికీ ఊచల్లోంచి కనపడినంతే. సపోట, జామ, రెండు కొబ్బరి చెట్లు, ఓ మూల నీళ్ళ సంపు. మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ ఈ ముక్క మాత్రం అలాగే మిగిలింది.

"పందికొక్కు నేల తవ్వుతుంది గానీ కొమ్మ చివరిదాకా పోయి కాయ తింటుందా పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వు చూసినవా?"

చూడలేదు. ఆమే చూడలేదు. సరే, చూద్దామని కెమెరా పని మొదలుపెట్టాను.

రెండు, మూడు వేలు పెడితే బజార్లో వైఫై కెమెరా రెడీగా దొరుకుతుంది, చీకట్లోనూ చూస్తుంది. కానీ దానికో యాప్, యాప్‌కో పాస్‌వర్డ్, వారానికోసారి "అప్‌డేట్ చేయండి" అని ఓ సందేశం. పెద్దమ్మ ఫోన్‌లో పచ్చబొత్తాం, ఎర్రబొత్తాం తప్ప వేరే ఏదీ ముట్టదు. అందుకే సొంతంగా చేద్దామనుకున్నాను. ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం, నాకు చేతులు దురద పెడుతున్నాయి.

మే 10, శనివారం

పొద్దున కోఠి గుజరాతీ గల్లీ, సాయంత్రం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. కొన్నవి: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పక్కన రెండు ఇన్‌ఫ్రారెడ్ (మన కంటికి దాదాపు కనపడని వెలుగు) లైట్లు బిగించి ఉన్న 5 మెగాపిక్సెల్ రాత్రి కెమెరా, కదలికను పసిగట్టే, తెల్ల గుండీలా ఉండే పీఐఆర్ సెన్సర్, 32 జీబీ మెమరీ కార్డు, పీవీసీ జంక్షన్ బాక్స్.

ఇంటికొచ్చి బిగించబోతే కెమెరా రిబ్బన్ బోర్డులో పట్టలేదు. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా మామూలు బోర్డుల్లో కెమెరా సాకెట్‌కు 15 పిన్నులు, జీరోలో 22. సాకెట్ కూడా సన్నం. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నంగా ఉండే వేరే రిబ్బన్ కావాలి. వంద రూపాయల ముక్క కోసం మళ్ళీ సికింద్రాబాద్. మెట్రోలో నిలబడి నన్ను నేనే తిట్టుకున్నా.

మే 11, ఆదివారం

రిబ్బన్ దొరికింది. బోర్డు లేచింది. ఇంటర్నెట్‌లో కనపడే పాత పాఠాల్లోని కెమెరా కమాండ్లు ఇప్పుడు పనిచేయవు. 2021 చివర్లో ఈ బోర్డు ఓఎస్ కెమెరాను నడపడానికి లిబ్‌కెమెరా అనే కొత్త పద్ధతికి మారింది. ఆ తేదీకి ముందు రాసిన పాఠం అయితే చదవకుండా వదిలేయడమే మంచిది, రెండు గంటలు మిగులుతాయి. నాకు మిగల్లేదు. ఇంకోటి, ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. పెద్దమ్మ ఇంటి రూటర్లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో ఉన్నాయి, విడదీయాలి.

మొదటి ఫొటో మా బాల్కనీ తులసి మొక్క. ఆకులన్నీ గులాబీ రంగు! కెమెరా పాడైందేమో అనుకున్నా. కాదు. మామూలు కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది, రాత్రి కెమెరాలో తీసేస్తారు. ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా తిప్పికొడతాయి కాబట్టి పగటి ఎండలో పచ్చదనం ఇలా పాడవుతుంది. రాత్రి ఎలాగూ అంతా నలుపు తెలుపే.

ఫోకస్‌కు మాత్రం రాత్రిదాకా ఆగాల్సి వచ్చింది. లెన్స్‌ను చేత్తో తిప్పాలి. పగటి వెలుగుకు సరిచేసింది ఇన్‌ఫ్రారెడ్‌కు కాస్త తప్పుతుంది. లైట్లన్నీ ఆర్పి, ఒకటిన్నర మీటరు దూరంలో గోడకు దినపత్రిక అంటించి, హెడ్డింగు కింది చిన్న అక్షరాలు చదవగలిగేదాకా తిప్పాను. "పేపర్ పగలు చదువుకోవచ్చుగా" అంది మా ఆవిడ.

మే 18, ఆదివారం

పెరట్లో బిగించిన రోజు. సపోట చెట్టుకు ఎదురుగా, సంపు గట్టు పక్కన ఇనుప గొట్టానికి, నేలకు రెండడుగుల ఎత్తున. అంత కిందికి ఎందుకంటే, ఎత్తు నుంచి తీస్తే వీపులు తప్ప మొహాలు పడవు.

కరెంటు వంటింట్లోంచి. అడాప్టర్ లోపల పెట్టి, 5 మీటర్ల యూఎస్‌బీ తీగ కిటికీలోంచి లాగాను. పగలు బాగానే నడిచింది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే బోర్డు ఆరిపోయి మళ్ళీ లేచింది. మళ్ళీ ఆరింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనుకుని, బోర్డు తన పని రాసుకునే లాగ్ ఫైళ్ళు గంటసేపు చదివాను.

పెద్దమ్మ ఇంట్లో ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చిన కరెంటు పనాయన ఆ తీగను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "సార్, గింత సన్నం తీగల 5 వోల్టులు గంత దూరం పంపితే ఏం మిగుల్తది? 230 అక్కడిదాకా తీస్కపోయి, అక్కడ దించుకోవాలె."

ఇంటికొచ్చి లెక్కేశాను. అలాంటి సన్న రాగి తీగకు మీటరుకు దాదాపు 0.2 ఓముల నిరోధం. పోను రాను 10 మీటర్లు, అంటే 2 ఓములు. లైట్లు వెలిగినప్పుడు ఒక ఆంపియర్ లాగితే 2 వోల్టులు దారిలోనే పోతాయి. బోర్డుకు చేరేది 3. అది 4.63 దగ్గరే వోల్టేజ్ తగ్గిందని ఏడవడం మొదలుపెడుతుంది. ఆయనకు ఓం సూత్రం వేళ్ళలో ఉంది, నాకు పదో తరగతి పుస్తకంలో ఉండిపోయింది.

సంపు మోటారు కోసం వేసిన ప్లగ్ పాయింట్ అక్కడే ఉంది. దాని పక్కన వాన పడని డబ్బాలో అడాప్టర్ పెట్టించాను. ఆ పని నేను చేయలేదు, ఆయనతోనే చేయించా. నీళ్ళ దగ్గర 230 వోల్టులతో సరదాలు వద్దు.

రాత్రి పదింటికి పెద్దమ్మ ఫోన్. గొంతు తగ్గించి, "చెట్టు కింద ఏందో ఉందిరా. రెండు ఎర్ర కండ్లు. రెప్ప కూడా కొడ్తలేదు."

అవి నా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు. 850 నానోమీటర్ల రకం కాబట్టి చీకట్లో నిప్పురవ్వలా కొంచెం ఎర్రగా కనపడతాయి. 940 రకమైతే అసలు కనపడవు గానీ వెలుగు తక్కువ దూరం పోతుంది, ఫొటో మసకబారుతుంది. ఉన్నవే ఉంచాను. ముందు చెప్పనందుకు తిట్లు తిన్నాను.

మే 25, ఆదివారం

వారం రోజుల్లో వచ్చిన ఫొటోలు 19. అందులో పనమ్మాయి 11, పక్కింటి తెల్ల పిల్లి 6, నేను 2.

పెద్దమ్మ మాత్రం కిటికీలోంచి చాలా చూసింది. "బుధవారం పగలు రెండింటికి ముంగిస వచ్చింది. మీ డబ్బా ముందు నుంచే పోయింది. నీ కెమెరా నిద్రపోయిందా?"

తప్పు పీఐఆర్ సెన్సర్ది. అది బొమ్మను చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. గుండీ వెనక రెండు సెన్సర్ పలకలు ఉంటాయి. వెచ్చటి ఒళ్ళు ఒకదాని ముందు నుంచి ఇంకోదాని ముందుకు జరిగితే తేడా తెలిసి సంకేతం ఇస్తుంది. శీతాకాలంలో అద్భుతంగా పనిచేస్తుంది. మన మే నెలలో ఎండకు కాలిన ప్రహరీ గోడ వేడి, ముంగిస ఒంటి వేడి దాదాపు ఒకటే అయితే దానికి ఏం తేడా తెలుస్తుంది? గోడ రాత్రి తొమ్మిదైనా చల్లారదు. సెన్సర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి సున్నితం పెంచితే, గాలికి ఊగే వేడి ఆకులకు కూడా మోగుతోంది.

"రోహిణి కార్తెల రోళ్ళే పలుగుతయంటరు, నీ గుండీ ఎంత" అంది పెద్దమ్మ.

పీఐఆర్ పీకేశాను.

జూన్ 1, ఆదివారం

ఇప్పుడు పద్ధతి వేరు. మోషన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక ఫ్రేమును ముందు ఫ్రేముతో పోల్చి, మనం చెప్పినన్ని పిక్సెళ్ళు మారితేనే ఫొటో దాస్తుంది. వేడితో పని లేదు. బోర్డు రాత్రంతా మేలుకుని ఉండాలి, అంతే. కరెంటు ఎలాగూ గోడలోంచి వస్తోంది.

మొదటి రాత్రి 1,412 ఫొటోలు. ఆశగా తెరిచాను. కొబ్బరి ఆకు. కొబ్బరి ఆకు. కొబ్బరి ఆకు నీడ. ఒక పురుగు, లైటు ముందు ఎగిరి తెల్లటి గీతలా. మళ్ళీ కొబ్బరి ఆకు.

కాస్త ఓదార్పు: 2018లో మన దేశం పులులను లెక్కపెట్టడానికి 26,838 చోట్ల కెమెరాలు పెట్టింది. అది గిన్నిస్ రికార్డుకెక్కింది. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షల పైన. వాటిలో పులులున్నవి 76,651. అంటే దాదాపు 450 ఫొటోలకు ఒక పులి. ఆ లెక్కన నా 1,412కు మూడు జంతువులైనా ఉండాలి. వెతికాను. ఒక్క పందికొక్కు ఉంది, సంపు గట్టు మీద, తోకతో సహా స్పష్టంగా. పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "చెప్పిన కదా" అని పెట్టేసింది.

కానీ దాని నోట్లో సపోట లేదు.

ఆ ఫొటోలో ఇంకో తప్పు కనపడింది, అంతా పొగమంచులో తీసినట్టు తెల్లగా ఉంది. లైట్లు, లెన్స్ రెండూ ఒకే అద్దం వెనక ఉన్నాయి. లైటు అద్దానికి తగిలి లోపలికే తిరిగొచ్చి లెన్స్‌లో పడుతోంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కోసి, లెన్స్ చుట్టూ అద్దానికి ఆనుకునేలా తొడిగాను. మధ్యలో గోడ కట్టినట్టయింది. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఈ ట్యూబు ముక్కదే.

కొబ్బరి ఆకుల సంగతికి ముసుగు బొమ్మ ఉంది. ఫ్రేమంత బొమ్మలో అక్కర్లేని చోట నలుపు పూస్తే అక్కడి కదలిక లెక్కలోకి రాదు. పై మూడో వంతు నలుపు చేశాను. ఒక్కో కదలికకు అన్నిటికంటే ఎక్కువ మార్పున్న ఒక్క ఫొటోనే దాచమని కూడా పెట్టాను. మర్నాటి రాత్రి 37.

జూన్ 3, మంగళవారం

పక్కింటావిడ పెద్దమ్మ దగ్గరికి వచ్చి, "మా బట్టలారేసే చోటు కూడా పడుతుందా అందులో?" అని అడిగిందట. న్యాయమైన మాట, నాకే ముందు తట్టాల్సింది. సాయంత్రం వెళ్ళి ఆవిడకు స్క్రీన్ చూపించాను. ఎడమ చివర వాళ్ళ పిట్టగోడ ఇంత ముక్క పడుతోంది. కెమెరాను కిందికి వంచి, ఆ చివర కూడా నలుపు పూశాను. ఫొటోలు ఇంటి వైఫై దాటి బయటికి పోవని చెప్పాను, అది నిజం కూడా. రూటర్లో బయటి దారి ఏదీ తెరవలేదు.

వెళ్తూ ఆవిడ, "ఏదైనా పట్టుబడితే చెప్పండి, మా వారు బోను తెస్తారు" అంది.

జూన్ 8, ఆదివారం

దొరికింది!

శనివారం రాత్రి 2:40. సపోట మొదట్లో, ముందు కాళ్ళు బోదె మీద, మొహం నేరుగా కెమెరా వైపు. పిల్లి కంటే పొడుగు ఒళ్ళు, నల్లటి మొహం మీద కళ్ళ పక్కన తెల్ల మచ్చలు, ఒంటి అంత పొడవు నల్ల తోక. మూడు నిమిషాల తర్వాత ఇంకో ఫొటో, గోడ మీద, నోట్లో సపోట.

ల్యాప్‌టాప్ పెద్దమ్మ ముందు పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"పునుగుపిల్లి" అంది.

చిన్నప్పుడు భువనగిరి దగ్గర వాళ్ళ ఊళ్ళో, తాటిచెట్ల మీద చూసిందట. కల్లు ముంతల్లో మూతి పెట్టేవని గీత కార్మికులు తిట్టేవాళ్ళట. ఆ వెంటనే తిరుపతి గుర్తొచ్చింది ఆమెకు. శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పునుగు తైలం పూస్తారు కదా. "స్వామి దగ్గరుండేది మన సపోటల కోసం వచ్చింది చూడు" అని మురిసిపోయింది.

జనం నోట్లో పునుగుపిల్లి అనే పేరు రెండు జంతువులకు తిరుగుతుంది. ఒకటి చిన్నది, ఒంటి నిండా చుక్కల వరసలు, తోకకు కట్టు కట్టినట్టు వలయాలు, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. రెండోది మానుపిల్లి, తోకకు వలయాలుండవు, పేరుకు తగ్గట్టు మాను మీదే కాపురం. మనది తోక చూస్తే మానుపిల్లే. ఇది పెద్దమ్మకు చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించాను. చెప్పాను. "ఏదైతేంది, చుట్టమే గదా" అంది.

ప్రహరీ గోడ మీద ఎప్పుడూ ఒకే చోట గింజలతో ఎండి ఉండే రెట్టలు పందికొక్కువి కావని ఇప్పుడు అర్థమైంది. పండు తిని గింజలు అలాగే వదిలేస్తుంది. ఇండోనేషియాలో కాఫీ పండ్లు తినిపించి, దాని పెంటలోని గింజలను ఏరి వేల రూపాయలకు అమ్మే కాఫీ కూడా ఈ జాతిదే. ఈ ముక్క చెప్పగానే పెద్దమ్మ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది.

బోను మాట కూడా వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది, పట్టుకోవడం నేరమని పక్కింటికి వెళ్ళి చెప్దామని లేచాను. పెద్దమ్మ కూర్చోమంది. తనే ఫోన్ చేసి, "మా ఇంట్ల ఉన్నదానికి మీరు బోను పెట్టుడేంది?" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. చట్టం అవసరం పడలేదు.

జూన్ 14, శనివారం

నిన్న సాయంత్రం గాలివాన, మూడు గంటలు కరెంటు లేదు. మూడు నష్టాలు.

మెమరీ కార్డు కొంత పాడైంది. రాస్తుండగా కరెంటు పోతే ఇంతే. కొత్త కార్డులో ఓఎస్‌ను చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తాళం వేశాను, సెట్టింగుల్లోనే ఉంది ఆ సదుపాయం. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి పోతాయి.

డబ్బాలో చీమలు. తీగ లోపలికి పోయే రంధ్రం దగ్గర వేలెడు సందు వదిలేశాను, వానకు అవి గుడ్లతో సహా బోర్డు మీదికి కాపురం మార్చాయి. బ్రష్‌తో దులిపి, సిలికోన్‌తో మూసేశాను. చెమ్మకు మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు.

మూడోది నేను పట్టుకోలేదు. పొద్దున ఫొటోలు చూపిస్తుంటే పెద్దమ్మ, "సాయంత్రం ఐదు అని రాసుంది. గింత చీకటేందిరా?" అంది. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ ఉండదు, లేవగానే ఇంటర్నెట్‌ను టైమ్ అడుగుతుంది. వానకు ఇంటర్నెట్ కూడా పోయింది కాబట్టి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లెక్కపెట్టుకుంది. గుండీ సెల్‌తో నడిచే డీఎస్3231 గడియారం ముక్క తెచ్చి అతికించాను.

జూన్ 15, ఆదివారం

అసలు పని ఈరోజు చేశాను. ఇన్నాళ్ళూ ఫొటోలు చూపించడానికి నేను రావాల్సి వస్తోంది, లేదా ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ తెరవాల్సి వస్తోంది. అలాంటప్పుడు ఇది ఆమె కెమెరా ఎలా అవుతుంది?

మా పిల్లలు వాడి పారేసిన పాత టాబ్లెట్ ఒకటుంది. దాన్ని డైనింగ్ టేబుల్ మీద, ఆమె కాఫీ తాగే చోట, క్యాలెండర్ కింద నిలబెట్టాను. అందులో బ్రౌజర్ తెర నిండా ఒకే పేజీ. నిన్న రాత్రి ఫొటోల్లో పన్నెండు, ఒక్కోటి ఇరవై సెకన్లు, కింద పెద్ద తెలుగు అక్షరాల్లో "రాత్రి 2:40". అంతే. బొత్తాలు లేవు. ముట్టుకుంటే ఏమీ జరగదు, కావాలనే అలా చేశాను. మొదట "తర్వాత", "వెనక్కి" అని రెండు బొత్తాలు పెట్టి చాలా గర్వపడ్డాను. ఆమె చెయ్యి వాటి దగ్గరికి వెళ్ళి ఆగి, నా మొహం వైపు చూసింది. తీసేశాను.

ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకే ప్లగ్‌కు టైమర్ పెట్టి రోజుకు రెండు గంటలే కరెంటు వెళ్ళేలా చేశాను. పొద్దున ఐదు నుంచి పది దాకా తెర వెలుగుతుంది, తర్వాత ఆరిపోతుంది.

జూన్ 22, ఆదివారం

వారం నుంచి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఏదో పాడైందని టెన్షన్ పడి వెళ్ళాను. అన్నీ నడుస్తున్నాయి.

గోడ క్యాలెండర్ చూశాను. పాల లెక్క పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: "పి 2:40", "పి 1:15", "కొ 11", "ముం పగలు". పిల్లి, కొక్కు, ముంగిస. జూన్ 9 నుంచి 12 దాకా పిల్లి గడి ఖాళీ. ఆ రోజులవి నేను ల్యాప్‌టాప్‌లో చూపించినప్పటివి, గుర్తుంచుకుని రాసింది.

"ఏరువాక పున్నమికి అటు ఇటు రాలే. వెన్నెలకు భయమేమో" అంది. ఒక్క పున్నమితో తేల్చలేమన్నాను. "ఇంకో పున్నమి రాదా ఏంది?" అంది. జూలై పేజీలో పున్నమి రోజు చుట్టూ అప్పటికే గుండ్రంగా గీసి పెట్టుకుంది.

కింది కొమ్మ సపోటలు తెంపొద్దని పనమ్మాయికి చెప్పిందట. పనమ్మాయి నాకు చాటుగా చెప్పింది.

జూన్ 29, ఆదివారం

అద్దం మీద సాలెగూడు, ప్రతి ఆదివారం తుడవాలి. లైట్ల వెచ్చదనానికి డబ్బా మీద ఓ బల్లి చేరింది, మూడు ఫొటోల్లో దాని పొట్ట మాత్రమే పడింది. ఖర్చు మొత్తం 6,100 అయింది, సికింద్రాబాద్ రెండుసార్లు తిరిగిన మెట్రో కాకుండా. రెడీమేడ్ దానికి రెండింతలు. మా ఆవిడకు ఈ అంకె ఇంకా చెప్పలేదు.

బయల్దేరుతుంటే పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"ముందు గేటు కాడ ఇంకోటి పెట్టురా."

"అక్కడేం జంతువులుంటాయి పెద్దమ్మా?"

"మందార పూలు తెల్లారకముందే తెంపుకపోతున్నరు."

"మనుషులకు కెమెరా పెట్టను. పక్కింటావిడకు మాటిచ్చా."

"ఎవరో తెల్వక కాదు" అంది, పక్కింటి గోడ వైపు చూస్తూ. "ఫొటో ఉంటే బాగుంటదని."